బి2 బంటు తిన్నాక ఏమైంది: ఏడు నెలల కరెస్పాండెన్స్ ఆట డైరీ

అక్టోబరు 2

చదరంగం ఆట మొదలైంది. నాకు తెల్లపావులు. అవతల పోలండ్ పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరయ్యారట. మొదటి ఎత్తుతో పాటు రెండు వాక్యాల నమస్కారం పంపాను, ఆయనా రెండే వాక్యాలు పంపారు. ఐసీసీఎఫ్ సర్వర్‌లో ఆట, 10 ఎత్తులకు 50 రోజుల గడువు. ఐసీసీఎఫ్ అంటే 1951లో పుట్టిన అంతర్జాతీయ కరెస్పాండెన్స్ చదరంగ సమాఖ్య. అప్పట్లో అంతా పోస్టుకార్డుల మీదే, ఇప్పుడు సర్వర్ మీద.

ఈ డైరీ ఎందుకంటే, పోయినేడు ఆడిన మూడు ఆటలూ డ్రా అయ్యాయి, ఒక్కదాంట్లోనూ ఎందుకు డ్రా అయిందో నాకు తెలియదు. కంప్యూటర్ సున్నా, అంటే ఇద్దరూ సమానమని, చూపించింది, నేను సరేనన్నాను. ఈసారి అలా వద్దు. డ్రా అయితే అవనీ, కానీ ఎక్కడ, ఎందుకు అనేది నా మాటల్లో రాయగలగాలి. ప్రాజెక్టు ఇదే.

సరంజామా: పాత లాప్‌టాప్, అందులో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్). రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్. బాబాయ్ ఇచ్చిన చెక్క బోర్డు. అందులో ఒక తెల్ల గుర్రానికి చెవి విరిగింది. బోర్డు బీరువా మీద పెట్టాను, ఎవరూ కదపకుండా.

అక్టోబరు 5

ఆఫీసులో మాట తేలింది. "కంప్యూటర్ చూసి ఆడొచ్చా? మరింకేం ఆట?" అన్నాడు పక్క సీటాయన. హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్ లాంటి గ్రాండ్‌మాస్టర్ల పేర్లు తెలిసిన ఊళ్లో చదరంగమంటే బోర్డుకి అటొకరు ఇటొకరు కూర్చోవాల్సిందే. అక్కడ ఫోన్ జేబులో దొరికినా ఆట పోతుంది. ఇక్కడ ఐసీసీఎఫ్ నిబంధనల ప్రకారమే ఇంజిన్ వాడుకోవచ్చు. ఇద్దరి దగ్గరా అదే ఉంటుంది కాబట్టి పైస్థాయి టోర్నమెంట్లలో దాదాపు అన్నీ డ్రాలే. "గెలవనప్పుడు ఎందుకాడటం?" అన్నాడు. టీ వచ్చింది, బతికిపోయాను.

అక్టోబరు 11

మొదటి ఎత్తులు చకచకా పడ్డాయి. ఇద్దరం రోజుకు రెండేసి.

1. ఈ4 సి5 2. నైట్ ఎఫ్3 డి6 3. డి4 సి×డి4 4. నైట్×డి4 నైట్ ఎఫ్6 5. నైట్ సి3 ఏ6

(నైట్ అంటే గుర్రం, బిషప్ శకటు, రూక్ ఏనుగు, క్వీన్ మంత్రి. × అంటే తినడం. అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లపావుల ఎత్తు.) ఈ ఆరంభం పేరు సిసిలియన్, అందులో నైడార్ఫ్ అనే రకం. ఈ ఐదో ఎత్తుకి పేరిచ్చిన మిగేల్ నైడార్ఫ్ కూడా పోలండ్ మనిషే. 1939లో ఒలింపియాడ్ ఆడటానికి బ్యూనస్ ఎయిర్స్ వెళ్లాడు, ఈలోగా యుద్ధం వచ్చింది, ఇక అర్జెంటీనాలోనే ఉండిపోయాడు. ఈ సంగతి పెద్దాయనకు రాద్దామనుకుని మానేశాను. ఆయనకు తెలియదా ఏం!

నోటుబుక్‌లో మాత్రం ఎత్తుల్ని అంకెల్లో రాస్తున్నాను. ఇది కార్డుల కాలం పద్ధతి. గుర్రాన్ని ఒక్కో భాషలో ఒక్కోలా పిలుస్తారు కాబట్టి, గడులకు నంబర్లిచ్చారు. నిలువు వరుసలకు ఎడమ నుంచి 1 నుంచి 8, అడ్డ వరుసలకు కింది నుంచి 1 నుంచి 8. బయల్దేరిన గడి, చేరిన గడి, మొత్తం నాలుగంకెలు. ఈ2 నుంచి ఈ4 అంటే 5254. సి7 నుంచి సి5 అంటే 3735. తెలుగులో రాసేవాడికి ఇంతకంటే సుఖం లేదు.

అక్టోబరు 19

6. బిషప్ జి5 ఈ6 7. ఎఫ్4 క్వీన్ బి6

ఏడో ఎత్తు చూడగానే కాస్త కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఆయన క్వీన్ నా బి2 బంటు మీద కన్నేసింది. దీన్ని కాపాడుకోవచ్చు. కాపాడకుండా 8. క్వీన్ డి2 వేస్తే, "తిను చూద్దాం" అన్నట్టు. ఆ దారి పేరే విషపు బంటు.

రాత్రి రేపల్లెకు ఫోన్ చేశాను. నాకు చదరంగం నేర్పింది బాబాయే. పదిహేను పైసల కార్డుల మీద ఆడినాయన. కార్డు వెళ్లడానికి వారం, రావడానికి వారం కాబట్టి, "మీరు ఇది ఆడితే నేనిది, దానికి మీరు అది ఆడితే నేనిది" అని ఒకే కార్డులో నాలుగైదు ఎత్తులు కుక్కేవాడు.

"వాడు మంత్రిని తెచ్చి బి2లో బంటు తింటాడా? తిననీరా. ఆ బంటు తిన్న మంత్రి ఇంటికి తిరిగి రాదు."

"ఇప్పుడలా కాదు బాబాయ్. తిన్నా డ్రా అని తేలిపోయింది."

"ఎవరు తేల్చారు?"

"కంప్యూటర్."

ఫోన్లో కాసేపు టీవీ శబ్దం మాత్రమే వినబడింది.

అక్టోబరు 24

8. క్వీన్ డి2 పంపాను. మర్నాడే 2622 వచ్చింది. తినేశారు. 9. రూక్ బి1 (1121) అంటే ఇప్పుడు క్వీన్ మీద దాడి. దానికి పోవడానికి క్షేమమైన గడి ఒక్కటే ఉంది, ఏ3. ఏ2 బంటుని తింటే సి3లోని నా నైట్ పట్టేస్తుంది. అనుకున్నట్టే 9... క్వీన్ ఏ3.

సి3 నైట్ కదిలిన రోజున ఏ2 బంటు కూడా పోతుందని నోటుబుక్‌లో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

నవంబరు 8

రెండు వారాలు ఒక్క ఎత్తు మీదే. 10. ఈ5 నా, 10. ఎఫ్5 నా?

ఇక్కడ కొంచెం పాత సంగతి. 1972లో రెయిక్యావిక్‌లో స్పాస్కీ, ఫిషర్ ప్రపంచ పోటీ. ఏడో ఆటలో ఫిషర్ ఈ బి2 బంటు తిన్నాడు, డ్రా చేసుకున్నాడు. పదకొండో ఆటలో మళ్లీ తిన్నాడు. అప్పుడు స్పాస్కీ 14వ ఎత్తులో సి3 గుర్రాన్ని వెనక్కి, అది పుట్టిన బి1 గడికే పంపాడు. ముందుకెళ్లి పొడవాల్సిన చోట వెనక్కెళ్లి కూర్చోవడం! ఆటలో ఫిషర్ క్వీన్ ఇరుక్కుపోయింది, 31 ఎత్తుల్లో ఓడాడు. బాబాయ్ చెప్పే "ఇంటికి తిరిగి రాని మంత్రి" కథ అదే. అయితే అందులో స్పాస్కీ తొమ్మిదో ఎత్తు రూక్ బి1 కాదు, నైట్ బి3. దారి వేరు.

నా దారిలో 10. ఈ5 కి 2006 తర్వాత పైస్థాయిలో బాగా గిరాకీ పెరిగింది. 10. ఎఫ్5 పాతది. స్పెయిన్ గ్రాండ్‌మాస్టర్ వయెహో పోన్స్ 2004లో దీన్నే కాస్పరోవ్ మీద ఆడాడు. కాస్పరోవ్‌వి నల్లపావులు. డ్రా. ఆ ఆట చివరిదాకా నా దగ్గరుంది. ఆయన దగ్గరా ఉంటుంది.

తెలివైనవాడు ఈ5 ఆడతాడు. నేను ఎఫ్5 ఎంచుకున్నాను. డ్రా ఎందుకో అర్థం చేసుకోవడమే పని అయినప్పుడు, డ్రా అని తెలిసిన దారిలోనే నడుస్తూ, ఎక్కడైనా కంచెకి కంత ఉందేమో తడుముకుంటూ పోవాలి. 6465 పంపాను.

డిసెంబరు 3

10... నైట్ సి6 11. ఎఫ్×ఈ6 ఎఫ్×ఈ6 12. నైట్×సి6 బి×సి6 13. ఈ5

పదమూడో ఎత్తులో నేను ఇంకో బంటుని ఊరికే ముందుకు తోసి ఇచ్చేశాను. దాన్ని డి బంటుతో తీసుకున్నాక 14. బిషప్×ఎఫ్6 జి×ఎఫ్6 15. నైట్ ఈ4. ఎర్ర ఇంకు రోజు వచ్చింది: 15... క్వీన్×ఏ2. రూక్‌ని డి1కి జరిపాను.

ఇంట్లో ఎవరికైనా బోర్డు చూపిస్తే నేను ఓడిపోతున్నానంటారు. నావి మూడు బంట్లు: సి2, జి2, హెచ్2. ఆయనవి ఆరు. అయితే ఆ ఆరింటిలో నాలుగు తమ వరుసల్లో లేవు, తలోదిక్కు అయ్యాయి. బి బంటు సి6లో, డి బంటు ఈ5లో, ఎఫ్ బంటు ఈ6లో, జి బంటు ఎఫ్6లో. రాజు ముందు గోడ లేదు. క్వీన్ ఏ2లో, అసలు యుద్ధానికి బోర్డంత దూరంలో. మూడు బంట్లు పోసి నేను కొన్నది ఆ దూరాన్నే.

స్టాక్‌ఫిష్: 0.00. రాత్రంతా నడిపినా 0.00.

జనవరి 17

పండక్కి రేపల్లె వెళ్లాను, ఆట ఆగింది. సెలవు పెట్టకుండానే గడువు సరిపోయింది.

16... బిషప్ ఈ7 17. బిషప్ ఈ2, ఇద్దరమూ క్యాస్లింగ్ (రాజుని మూలవైపు దాచి రూక్‌ని బయటికి తెచ్చే ఎత్తు), తర్వాత 18... రూక్ ఏ7.

ఈ 1817 నాకు చాలా నచ్చింది. మొదట చూస్తే మూలనున్న రూక్ ఒక్క గడి పైకి జరిగింది, అంతే. కానీ దాని చూపు ఏడో వరుస మీద ఉంది. డి7కి వస్తుంది, డి1లోని నా రూక్‌కి ఎదురు నిలబడుతుంది, అవసరమైతే మార్పిడి చేసుకుని నా దాడిలో గాలి తీసేస్తుంది. ఇంకా కదలకుండా సి8లో కూర్చున్న బిషప్‌ని పక్కనపెట్టి, రూక్‌ని దాని వెనకనుంచి కాకుండా ముందునుంచి తిప్పుకొచ్చారు.

ఫిబ్రవరి 9

మూడు వారాలు 19వ ఎత్తు మీద. కంచెకి కంత ఉంటే ఇక్కడే ఉండాలి అనుకున్నాను.

కింగ్ హెచ్1: రాజుని ముందే మూలకి దాచడం. బాగుంది కానీ నెమ్మది. ఆయన రూక్ డి7కి వచ్చేస్తుంది, రూక్‌లు మారిపోతే మూడు బంట్ల అప్పు మాత్రం మిగులుతుంది.

క్వీన్ ఈ3: ఏ7 రూక్ మీద దాడి. ఎంత సంతోషించానో. ఆ తర్వాత చూస్తే అది ఎలాగూ వెళ్దామనుకున్న డి7కే వెళ్తుంది. వెళ్లేవాణ్ని పొమ్మన్నట్టు.

మిగిలింది రూక్ ఎఫ్3. మూడో వరుస మీదుగా జి3కి, అక్కణ్నుంచి రాజు మీదికి. 2004 నాటి ఎత్తే. 6163 పంపేసి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మార్చి 14

19... కింగ్ హెచ్8 20. రూక్ జి3 రూక్ డి7 21. క్వీన్ హెచ్6

మొదటిసారి నా చేతిలో నిజమైన బెదిరింపు: క్వీన్ జి7, ఆటకట్టు. 21... రూక్ ఎఫ్7 తో ఆ గడి కాశారు. 22. క్వీన్ హెచ్5, ఇప్పుడా ఎఫ్7 రూక్‌కి ఎవరి కాపలా లేదు. ఆయన రూక్‌ని వెనక్కి ఎఫ్8కి తీసుకెళ్తే నేను మళ్లీ హెచ్6, మళ్లీ ఎఫ్7, అలా ఇక్కడే ముగుస్తుందనుకున్నాను. ముగించలేదు. 22... రూక్×డి1 చెక్.

మార్చి 29

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

లాప్‌టాప్ ఛార్జర్ కాలిపోయింది. కొత్తది వచ్చేలోగా నాలుగు రోజులు ఇంజిన్ లేదు. అంతకుముందే 23. బిషప్×డి1 ఫోన్ నుంచి పంపాను, 23... క్వీన్ ఏ5 (1215) వచ్చి ఉంది. "మంచిదే, ఈ ఒక్క ఎత్తు నా బుర్రతో" అని బోర్డు ముందు కూర్చున్నాను.

ఎఫ్7 రూక్ ఊరికే ఉంది. తినేస్తే? ఆయన క్వీన్ ఏ5 నుంచి మూలగా జారి ఈ1కి వచ్చి చెక్ చెబుతుంది. అప్పుడు నా బిషప్‌ని ఎఫ్1లో అడ్డం పెడతాను. ఇక ఆయన దగ్గర పనికొచ్చే చెక్ లేదు. నాకు రూక్ వచ్చింది, జి7లో ఆటకట్టు కూడా ఎదురుచూస్తోంది. గెలిచాను! కాస్పరోవ్ ఆటలో ఇది ఎలా కనబడలేదో అని రెండు సాయంత్రాలు తిరిగితిరిగి చూశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, తిట్లు తిన్నాను, అయినా నవ్వుతూనే ఉన్నాను.

ఫోన్లో 8567 కొట్టాను. సరేనా అని సర్వర్ అడిగింది. నొక్కబోతూ పైనున్న చిన్న బోర్డు బొమ్మ చూశాను. అందులో నా బిషప్ డి1లో ఉంది.

బీరువా మీద బోర్డులో ఈ2లో ఉంది.

రూక్‌లు రెండూ తీసేశాను, బిషప్‌ని మాత్రం దాని కొత్త గడిలో పెట్టడం మరిచిపోయాను. డి1లోని బిషప్ ఎఫ్1కి రాలేదు. క్వీన్ ఈ1 అంటే చెక్ కాదు, ఆటకట్టు. రాజుకి ఎఫ్2 లేదు, హెచ్1 లేదు, అడ్డం పెట్టడానికి ఒక్క పావు లేదు. ఆరు నెలల ఆట ఒక్క వేలి నొక్కుడులో పోయేది.

ఫోన్ బోర్లా పెట్టి వెళ్లి మొహం కడుక్కున్నాను.

ఏప్రిల్ 2

ఛార్జర్ వచ్చింది కానీ ఇంజిన్ తెరవలేదు. ముందు నేను కనుక్కోవాలి. ఆయనకున్నది ఒక్క ఈ1 గడి. దాన్ని కాస్తే చాలు, ఎఫ్7 రూక్ అలాగే ఉంటుంది. రాజుని ఒక్క అడుగు పక్కకి, ఎఫ్1కి జరిపితే ఈ1 రాజు కాపలాలోకి వస్తుంది. 7161.

తర్వాత ఇంజిన్‌లో చూశాను, అదే. 2004 ఆటలోనూ అదే. ఆ ఆటని పదిసార్లు చూశాను, కింగ్ ఎఫ్1 ఎందుకో ఒక్కసారి కూడా అడగలేదు. తప్పు బోర్డు పెట్టుకున్నాక తెలిసింది.

ఏప్రిల్ 21

24... క్వీన్ డి8. ఎంత దూరం తిరిగిందో ఈ క్వీన్: బి6, బి2, ఏ3, ఏ2, ఏ5, చివరికి పుట్టిన గడి డి8. బాబాయ్ మాట తప్పింది, మంత్రి ఇంటికొచ్చింది. వచ్చి ఊరికే కూర్చోలేదు, జి8 గడినీ కాస్తోంది, డి1 బిషప్ మీదా గురిపెట్టింది.

25. క్వీన్×ఎఫ్7 క్వీన్×డి1 చెక్ 26. కింగ్ ఎఫ్2 క్వీన్×సి2 చెక్ 27. కింగ్ ఈ3 బిషప్ సి5 చెక్ 28. నైట్×సి5 క్వీన్×సి5 చెక్

ఇక్కడ బోర్డు చూడాలి. నా క్వీన్ ఎఫ్7లో, రూక్ జి3లో. ఆయన రాజు హెచ్8లో. నాకు చెక్ లేని ఒక్క క్షణం దొరికితే చాలు, జి7లోనో జి8లోనో ఆటకట్టు. ఆయన ఆ క్షణం ఇవ్వకూడదు. అంతే ఆట. నా రాజు ఎండలో గొడుగు లేకుండా బయల్దేరాడు, నీడ కోసం.

ఈ3 నుంచి ఐదు గడులున్నాయి: డి2, డి3, ఈ2, ఈ4, ఎఫ్3. ఒక్కోదానికి రెండేసి రోజులు ఇచ్చాను, ఇంజిన్ లేకుండా, బోర్డు మీద చేత్తో కదుపుతూ.

ఈ2 కి వెళ్తే సి2 నుంచి చెక్, ఎఫ్1కి దిగితే డి1 నుంచి, ఎఫ్2కి ఎక్కితే డి4 నుంచి. ఈ4 కి వెళ్తే డి4 నుంచి చెక్, ఆ క్వీన్‌ని రాజు తినలేడు, ఈ5 బంటు కాస్తోంది. నేను పదమూడో ఎత్తులో ఊరికే ఇచ్చిన బంటుని తీసుకుని ఆ గడికి చేరిన బంటే అది! ఎఫ్3 కి వెళ్తే సి3 నుంచి. రాజు ఎఫ్2లో ఉండగా డి4 చెక్‌కి రూక్‌ని ఈ3లో అడ్డం పెడదామా అంటే, జి వరుస వదలగానే నా ఆటకట్టు బెదిరింపే పోతుంది. రూక్ కదిలితే దాడి లేదు, కదలకపోతే నీడ లేదు.

డ్రా ఎందుకో ఈ వాక్యంలో రాయగలిగాను. నోటుబుక్‌లో దాని చుట్టూ గీత గీశాను.

మే 9

29. కింగ్ డి2 క్వీన్ ఎఫ్2 చెక్ 30. కింగ్ సి3 క్వీన్ డి4 చెక్ 31. కింగ్ సి2 క్వీన్ ఎఫ్2 చెక్ 32. కింగ్ సి3

చివరి 3233తో పాటు డ్రా అడిగాను. ఒప్పుకున్నారు. "అమికి సుముస్" అని రాశారు. ఐసీసీఎఫ్ నినాదం, లాటిన్‌లో "మనం స్నేహితులం" అని. దాని కింద, 24వ ఎత్తుకి నేను తీసుకున్న రోజులు చూసి, నేను క్వీన్‌తో రూక్‌ని తింటానేమోనని తాను ఆశపడ్డట్టు రాశారు. నేను బిషప్ సంగతి పూర్తిగా రాసి పంపాను. ఒక నవ్వు బొమ్మ వచ్చింది, అంతే.

ఖర్చు: ఛార్జర్, నోటుబుక్, ఒక గిన్నె పాలు.

మే 14

ఆదివారం రాత్రి బాబాయ్‌కి ఫోన్లో ఆట మొత్తం చెప్పాను. ఆయనకు అంకెల పద్ధతి చేతివేళ్లలో ఉంది. నేను "యాభై నాలుగు" అనేలోపే అక్కడ చెక్క చప్పుడు. బి2 తిన్నప్పుడు "అదుగో" అన్నాడు. ఏ7 రూక్ దగ్గర "ఏనుగుని భలే తిప్పాడురా" అన్నాడు. 23 దాకా వచ్చాం.

"మంత్రి ఏ5. ఇప్పుడు నేను డెబ్భై ఒకటి, అరవై ఒకటి. రాజు ఎఫ్1."

"ఆగాగు. అక్కడ ఏనుగు ఊరికే ఉంది కదరా ఎఫ్7లో. తినకుండా రాజుని జరపడమేంటి?"

నేనేం మాట్లాడలేదు. ఫ్యాను శబ్దం, ఎక్కడో కుక్క అరుపు. అర నిమిషం కూడా పట్టలేదు.

"ఆఁ... ఈ1. నీ శకటు డి1లో ఇరుక్కుంది."

"అవును బాబాయ్."

"నీకెంతసేపు పట్టింది?"

"నాలుగు రోజులు."

నవ్వాడు. 27 దగ్గరకొచ్చేసరికి పిన్ని దీపం ఆర్పమంటోందని, బోర్డు అలాగే మంచం కింద పెట్టి, మిగతాది రేపు చెప్పమన్నాడు.